ఆత్మకూరు రాతిమీద పదో పేరు

ఆత్మకూరులో సోమశిల రోడ్డు వైపు తిరిగితే ఒక నల్లరాయి నిలబెట్టి ఉంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లి సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ల పేర్లు దానిమీద చెక్కించారు. ఆవిష్కరణ రోజున తొమ్మిది పేర్లే ఉన్నాయి. పది ఉండాలి. ఆ పదో పేరు లేకపోవడం రాయి కొట్టినవాడి పొరపాటు కాదు. నాది.

ఇరవై నాలుగేళ్లు మాజీ సైనికుల బాగోగులు చూసే ఉద్యోగం చేశాను. అంతకు ముందు సైన్యంలోనే గుమాస్తా పని చేసి హవల్దారుగా బయటికి వచ్చాను. మొన్నామధ్య కొత్తగా చేరిన పిల్లలిద్దరు కలిగిరిలో మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు నాలుగు మాటలు రాసియ్యండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్లు, సర్క్యులర్ల సంగతి మీకు ఆఫీసులోనే చెబుతారు. దానికి నా అవసరం లేదు. నేను రాసేది నా తప్పు గురించి, దానివల్ల ఒక పెద్దావిడకు జరిగిన అన్యాయం గురించి. రిటైరైనవాడు గొప్పలు చెప్పుకుంటాడనుకుంటే ఇక్కడే ఆపేసి మీ పని మీరు చూసుకోండి.

ఎవరూ లేని ఇళ్లు

మన పని బల్ల ముందు కూర్చుంటే అయ్యేది కాదు. బస్సు దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని, అది పోనంత దూరం నడిచి, మాజీ సైనికుడి ఇంటికి వెళ్లాలి. ఉన్నాడా, పోయాడా, పోతే భార్యకు రావలసింది వస్తోందా, ఇవన్నీ కనుక్కోవాలి. నేను వాకిట్లో నిలబడి, "ఇంట్లో ఎవరన్నా ఉండారా?" అని కేకేసేవాణ్ణి. లోపలి నుంచి ఆడగొంతు వచ్చేది, "ఎవురూ లేరయ్యా." అంటే మగవాళ్లు లేరని. మన వైపు ఆడవాళ్లకు అది అలవాటు మాట. నేను గొడుగు చంకలో పెట్టుకుని, డైరీ తీసి, "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకుని వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఆ మాట అన్న మనిషి తలుపు పక్కన నిలబడే ఉండేది!

నా మొదటి పై అధికారి ఒక రిటైర్డ్ మేజరు. గోదావరి వైపు ఆయన, మాట మెత్తన, చూపు మాత్రం సూది. ఒకరోజు నా డైరీ తిరగేసి, "రమణయ్యా, ఈ నెలలో నువ్వు వెళ్లిన పదిహేను ఇళ్లలో ఎవరూ లేరన్నమాట. మరి గొడ్లకు గడ్డి ఎవరు వేస్తున్నారయ్యా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఈ ఇంట్లో సైన్యంలో పనిచేసింది ఎవరు అని అడుగు. ఎవరు బదులు చెబితే వాళ్ల మాట కూర్చుని విను" అన్నారు. ఎస్ సార్ అన్నాను. మరుసటి వారమే ఆ మాట మరిచిపోయాను.

ఇంకో జబ్బు కూడా ఉండేది నాకు, చూడగానే తేల్చెయ్యడం. అనంతసాగరం దగ్గర ఒక ఊళ్లో గోడమీద దండ వేసిన యూనిఫారం ఫోటో చూసి, కాయితం మీద "మృతి" అని రాసేశాను. ఇంతలో గేదెల్ని కట్టేసి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అది మా అన్న ఫోటో సామీ. నేను బతికే ఉండాను, నన్ను చంపబాక" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపించాడు పాపం. అది నవ్వుకునే తప్పు, కొట్టేసి మళ్లీ రాస్తే సరిపోయింది. అన్నీ అట్లా సరిపోవు.

ఎస్తేరమ్మ

ఉదయగిరి కొండ కనిపించేంత దూరంలో ఒక పల్లెకు, హవల్దార్ యోహాను గారి ఇంటికి మొదటిసారి వెళ్లిన రోజు నా మామూలు కేక నేను వేశాను. "ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

"నేనుండాను. కనపడతా ఉండానా లేదా?" అంటూ ఒకావిడ బయటికి వచ్చింది. అప్పటికి యాభై దాటి ఉంటుంది. వీపు నిటారుగా ఉంది. లోపల మంచం మీద జబ్బుపడిన భర్త. ఆయన చెయ్యి తుడిచి ఇంజెక్షను వేస్తూనే నాతో మాట్లాడింది. సూది దిగినట్టు ఆయనకు తెలియలేదు, నాకూ తెలియలేదు. చేతివాటం చూసి, "నర్సమ్మా మీరు?" అన్నాను.

మంచం మీద ఆయన నవ్వాడు. "నర్సమ్మ అంటే సరిపోదయ్యా. మిలిట్రీ ఆసుపత్రిలో లెఫ్టినెంటు. నేనేమో హవల్దార్ని. లెక్కప్రకారం పొద్దున లేస్తానే ఈమెకి నేను సెల్యూట్ కొట్టాల."

"కొట్టకపోతే ఊరుకున్నానా ఏంది? ముందు మందు మింగు" అంది ఆవిడ. ఆ ఇంట్లో ఆ రోజు ఎంత సంతోషంగా ఉందో! నేను కాఫీ తాగి, యోహాను గారి వివరాలు రాసుకుని వచ్చేశాను. ఆవిడ వివరాలు అడగాలని తోచలేదు.

మిషను ఆసుపత్రిలో నర్సింగు చదువుకుని సైన్యంలో చేరిన అమ్మాయిలు మన వైపు క్రైస్తవ కుటుంబాల్లో అప్పట్లోనే ఉన్నారు. యుద్ధం రోజుల్లో రైళ్లలో వచ్చిన క్షతగాత్రులకు కట్లు కట్టినవాళ్లు. అయితే ఆ రోజుల్లో సైన్యంలో నర్సు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాల్సిందే. మగవాడికి ఆ రూలు లేదు. ఎస్తేరమ్మ గారు అట్లాగే వదిలి వచ్చింది. ఏడేళ్ల సర్వీసు, పెన్షను లేదు.

మరుసటి ఏడు యోహాను గారు పోయారు. నెల తిరక్కముందే ఆవిడ ఆఫీసుకు వచ్చి నా బల్లమీద రెండు కాయితాలు పెట్టింది.

"ఇది ఆయన డిశ్చార్జి పుస్తకం. ఇది నాది, నన్ను పంపించినప్పుడు ఇచ్చిన కాయితం. నాకొక ఫైలు తెరువు అబ్బయ్యా."

"మీకు పెన్షను లేదు కదమ్మా. ఫైలు ఎందుకు?"

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "నేను పెళ్లికని ఇడిసిపెట్టి వస్తే మా ఊళ్లో ఏమన్నారో తెలుసునా? ఏందో తప్పు చేసింది, అందుకే మిలిట్రీ వాళ్లు తరిమేసినారు అన్నారు. మా వదినే అనింది, చర్చి వాకిట్లో, అందరి ముందర. ఈ కాయితంలో 'పెళ్లి కారణంగా' అని రాసుండాది చూడు. ఎవురన్నా నోరు తెరిస్తే ఇది తీసి చూపిస్తాను. నా కూతురి పెళ్లప్పుడు కూడా చూపించినాను. నాకుండే సాక్ష్యం ఇదొక్కటే."

ఇది విన్నాక కూడా నేనేం చేశానో చూడండి. "ఒక ఇంటికి ఒక ఫైలే ఉంటాదమ్మా. ఆయన ఫైల్లోనే మీది కూడా పెడతా, అన్నీ ఒకచోట భద్రంగా ఉంటాయి. ఒరిజినలే ఇచ్చిపోండి" అన్నాను. ఒక ఇంటికి ఒక ఫైలు అని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. అది మా గుమాస్తాల సౌకర్యం, మేం కల్పించుకున్న పద్ధతి. ఆవిడ కాయితాన్ని రెండుసార్లు నా చేతికిచ్చి రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. మూడోసారి ఇచ్చింది. దానికి చిల్లు పొడిచి, ఆయన కాయితాల వెనకాల టాగు వేసి కట్టేశాను. రిజిస్టరులో "యోహాను, హవల్దార్, మృతి. భార్య: ఎస్తేరమ్మ" అని రాశాను. అంతటితో లెఫ్టినెంటు మాయమైంది, హవల్దారు భార్య మిగిలింది.

మెడళ్లు

ఇరవై ఏళ్లు గడిచాయి. నా సర్వీసు ఆఖరి సంవత్సరంలో మాజీ సైనికులంతా కలిసి కమిటీగా ఏర్పడి, మన ప్రాంతం ఆడవాళ్లకు ఒక స్మారకం పెట్టాలని తీర్మానించారు. మంచి ఆలోచన. మగవాళ్ల పేర్లతో రాళ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. "రమణయ్యకు తెలియని ఇల్లు లేదు" అని కమిటీ అధ్యక్షుడు, రిటైర్డ్ సుబేదారు, మీటింగులో అందరి ముందూ అన్నాడు. ఉబ్బిపోయాను. రిజిస్టరు ముందేసుకుని ఒక మధ్యాహ్నంలో తొమ్మిది పేర్లు తీశాను. ఒక్క ఇంటికీ వెళ్లలేదు. అన్నీ తెలుసనుకున్నవాడు ఎందుకు వెళతాడు?

ఆవిష్కరణకు సైనికుల వితంతువులను కూడా పిలిచాం. వాళ్లకు ఒక వరస కుర్చీలు, ఒక్కొక్కరికి శాలువా, మైకులో చదవడానికి ఒక్కొక్కరికి ఒక చీటీ. చీటీలు రాసింది నేనే.

సైన్యంలో ఒక ఆనవాయితీ ఉంది. తన మెడళ్లు తాను పెట్టుకుంటే ఎడమ రొమ్ము మీద పెట్టుకోవాలి. చనిపోయిన భర్తవో తండ్రివో పెట్టుకుంటే కుడిపక్క. యూనిఫారం తీసేసి ఎన్నేళ్లయినా ఇట్లాంటివి చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు, సరిదిద్దాలనిపిస్తుంది.

ఆ పొద్దున ఉదయగిరి బస్సు దిగి ఎస్తేరమ్మ గారు వచ్చింది. తెల్లచీర, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, కాస్త వంగిన నడుము. చీరమీద మూడు మెడళ్లు, ఎడమపక్క. వితంతువుల వరస దగ్గర నిలబడి ఉన్న నేను, నలుగురూ వినేటట్టు, "అమ్మా, యోహాను గారి మెడళ్లు కుడిపక్క పెట్టుకోవాలమ్మా. ఎడమపక్క పనిచేసినవాళ్లకు" అన్నాను. చెప్పి ఊరుకోకుండా పిన్ను తియ్యడానికి చెయ్యి కూడా చాచాను.

ఆవిడ నా చేతిని పట్టుకుని ఆపింది.

"ఆయనవి ఇంట్లో పెట్టెలో ఉండాయి. ఇవి నావి, అబ్బయ్యా."

ఇంజెక్షను, మంచం మీద ఆయన నవ్వు, రెండుసార్లు వెనక్కి తీసుకున్న కాయితం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిడ అప్పటికే రాయి దగ్గరికి నడిచింది. కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేరు మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే కిందికి చదువుకుంటూ వచ్చింది. తొమ్మిదో పేరు దాకా వచ్చి మళ్లీ పైకి వెళ్లింది. రెండోసారి కూడా చదివి, కింద ప్రారంభోత్సవం చేసిన పెద్దల పేర్లు కూడా చదివింది. వాళ్ల పేర్లు ఆడవాళ్ల పేర్లకంటే పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, అది వేరే సిగ్గు.

"నాది యాడుండాది రమణయ్యా?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. అంతలో మైకులో చీటీలు చదవడం మొదలైంది. "కీర్తిశేషులు హవల్దార్ యోహాను గారి సతీమణి" అని పిలిచారు. ఆవిడ వెళ్లి శాలువా కప్పించుకుని, దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రాతిమీద తొమ్మిదో పేరున్న అమ్మాయి, సెలవు మీద వచ్చిన నర్సింగు ఆఫీసరు, వితంతువుల వరస పక్కగా వెళుతూ ఠక్కున ఆగింది. మెడళ్లు ఏ పక్కన ఉన్నాయో చూసింది. కాళ్లు జోడించి సెల్యూట్ చేసింది. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, చీటీ చూడలేదు, రిజిస్టరు చూడలేదు. కళ్లు పెట్టి చూసింది, అంతే. ఎస్తేరమ్మ గారు లేవబోయి లేవలేక కుర్చీలోనే వీపు నిటారుగా పెట్టి తల ఊపింది. నేను పందిరి వెనక్కి వెళ్లి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఏడవాల్సిన పనే చేశాను.

కాయితం

మర్నాడు యోహాను గారి ఫైలు కోసం బీరువాలన్నీ వెతికాను. లేదు. ఆఫీసు కొత్త బిల్డింగుకు మారినప్పుడు, పని ముగిసిన ఫైళ్లు అని ఒక జాబితా వేసి తగలబెట్టించాం. ఆ జాబితా దొరికింది. అందులో యోహాను గారి పేరుంది. పక్కన ఉన్న సంతకం నాదే.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. బుద్ధి ఆ వైపు కూడా పోయింది, దాచను. కానీ ఉదయగిరి బస్సెక్కాను. ఎస్తేరమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూతురు సువార్త, కలిగిరిలో టీచరు. జరిగింది చెప్పాను.

"కాల్చినారా?" అంది ఎస్తేరమ్మ గారు. తన చేతులు తను చూసుకుంది. "నువ్వు భద్రంగా ఉంటాది అంటివే."

కూతురు నన్ను తిట్టడానికి నోరు తెరిచింది. తల్లి ఆపింది. "తిడితే కాయితం వస్తాదా? రమణయ్యా, విను. నాకు డెబ్బై ఆరు. ఊళ్లో ఇప్పుటికీ తరిమేసినారనే అనుకుంటారు, నా మొహాన అనరు అంతే. ఆ రాతిమీద నా పేరు ఉంటే ఇంక నేను ఎవురికీ ఏమీ చూపించబళ్లేదు. పానం ఉండంగా ఒక్కసారి చదువుకుంటాను. చేయిస్తావా?"

"చేయిస్తానమ్మా. మీ సర్వీసు నంబరు గుర్తుందా?"

కన్నార్పకుండా చెప్పింది, ముందు అక్షరాలతో సహా. యాభై ఏళ్లయినా సైనికుడు మరిచిపోనిది అదొక్కటే. ఇరవై ఏళ్ల కింద అదే ప్రశ్న నేను అడిగి, రిజిస్టరులో ఆవిడకంటూ ఒక్క వరస రాసి ఉంటే సరిపోయేది కదా!

సైన్యం రికార్డుల కార్యాలయానికి ఉత్తరం రాశాను. కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, జవాబు వచ్చేలోగా పేరు చెక్కించమని బతిమాలాను. "కాయితం తీసుకురా రమణయ్యా, చేస్తాం. కాయితం లేకుండా ఈమె పేరు పెడితే రేపు ఇంకొకరు వచ్చి నేనూ చేసినానంటే ఏం చెప్పేది?" అన్నాడు. ఆయన్ని ఏమనగలను? ఆ మాట ఎన్ని వందల మందితో నేనే అని ఉంటానో.

నేను రిటైరయ్యాను. రిమైండర్లు రాస్తూనే ఉన్నాను. నెలకోసారి ఉదయగిరి వెళ్లేవాణ్ణి. మొదట్లో నన్ను చూడగానే "వచ్చిందా?" అనేది. కొన్నాళ్లకు అడగడం మానేసి కాఫీ ఇచ్చేది. ఆ తర్వాత మంచం పట్టింది. చివరిసారి వెళ్లినప్పుడు కళ్లు తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకుంది.

ఆవిడ పోయిన రోజు సువార్త ఫోన్ చేసింది. వెళ్లేసరికి పెట్టెలో పడుకోబెట్టారు. "అమ్మ మెడళ్లు పెట్టాల సార్. ఏ పక్క?" అని అడిగింది. ఎడమపక్క అన్నాను. ఆ పిల్లే పిన్ను పెట్టింది.

సమాధి జరిగిన ఇరవయ్యో రోజున జవాబు వచ్చింది. ఒక పేజీ. నంబరు, లెఫ్టినెంటు, ఏడేళ్లు, విడుదలకు కారణం పెళ్లి. ఆవిడ చెప్పిన నంబరులో ఒక్క అంకె తేడా లేదు. అప్పటికప్పుడు బయల్దేరి సువార్త చేతికి ఇచ్చాను. నిలబడే చదివింది. పూర్తయ్యాక మడిచి, దాంతో ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది.

"చర్చి వాకిట్లో అనిన మా అత్తా పోయింది సార్. అన్నోళ్లూ పోయినారు, అనిపించుకున్నామె కూడా పోయింది. ఇంక ఇది నేనెవురికి చూపించేది?"

ఎడమపక్క

కొత్తగా చేరిన మీకు చెప్పాల్సింది చాలా ఉందనుకున్నాను. రాస్తుంటే రెండే తేలాయి. ఒకటి, ఎవరి చేతిలోని ఒరిజినలూ తీసుకోకండి, అది వాళ్ల పరువు కావచ్చు, మీకు మాత్రం టాగు వేసే కాయితం. రెండు, ఎవరూ లేరని ఒక మనిషి చెబితే, ఆ చెప్పిన మనిషి ఎవరో అడగండి. మేజరు గారు మొదటి ఏడాదే చెప్పారు నాకు. ఇప్పుడు ఆయనా లేరు, వెళ్లి చెప్పుకుందామంటే.

ఉత్తరం చూపించగానే కమిటీ ఒప్పుకుంది. అయితే రాయి ముందువైపు వేలెడు చోటు లేదు. పెద్దల పేర్లు తీసేయమంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఆ గొడవ ఇక్కడ రాయను, రాస్తే నా నోరు పాడవుతుంది. చివరకు రాయి పక్క అంచున చెక్కుకోమన్నారు.

సువార్త, నేను, రాయి కొట్టే ఆయన వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. ఆయన ఉలి, సుత్తి తీసి, రాయి చుట్టూ తిరిగి చూశాడు.

"ఈ పక్క నీడుండాది సార్, ఇక్కడ కొట్టేదా? ఆ పక్కంతా మాడిపోతా ఉండాది."

రాయి మనవైపు తిరిగి నిలబడిన మనిషి అనుకుంటే, ఎండ పడుతున్నది ఆ మనిషి ఎడమచెయ్యి వైపు.

"ఎడమపక్కే కొట్టు నాయనా" అని ఎండవైపు చూపించాను. గొడుగు తెరిచి, పని అయ్యేదాకా ఆయన తలమీద పట్టుకుని నిలబడ్డాను.